అమ్మ ఫోను మార్చాలి: ఐఫోనా, ఆండ్రాయిడేనా? మన చిత్తూరు, తిరుపతి వాళ్ళు చెప్పండి

తోతాపురి_తోట

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో పని చేస్తా, మా యమ్మ బంగారుపాళెం దగ్గర పల్లెలో ఉంటాది. వయసు 61. నాయన పోయినాక మామిడితోట, పాడి అన్నీ ఆమే చూసుకుంటాది. చేతిలో మూడేళ్ళ కిందటి ఆండ్రాయిడ్ ఫోను. వాట్సాప్‌లో మాటలు రికార్డు చేసి పంపడం, యూట్యూబ్‌లో హరికథలు వినడం, కూలోళ్ళకు యూపీఐలో డబ్బులు వేయడం, ఇంతే ఆమె వాడకం. చదవడం వస్తాది, రాయడం నిదానం.

పోయిన నెల ఊరి గ్రూపులో 'కిసాన్ డబ్బులు పడినాయో లేదో చూసుకోండి' అని ఒక ఫైలు వచ్చింది. వచ్చింది కూడా తెలిసిన మనిషి నంబరు నుంచే. అమ్మ నొక్కింది. అది అడిగినదానికంతా 'సరే' కొట్టింది. రాత్రి పదిన్నరకు ఖాతాలో నుంచి 18,400 రూపాయలు మూడు దఫాలుగా పోయినాయి. తెల్లారి పాల డబ్బు పడిందేమో చూద్దామని తెరిస్తే గానీ తెలియలేదు. సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చినాం. డబ్బు సంగతి అట్లుండనీ, ఆమె ఇప్పుడు ఫోను ముట్టుకోవడానికే భయపడతా ఉండాది. నేను చేసినా 'నువ్వేనా నాయనా' అని రెండుసార్లు అడిగి గానీ మాట్లాడదు.

నేను నాలుగేళ్ళుగా ఐఫోన్ వాడతా ఉండా. నా పాతది అమ్మకు ఇచ్చేద్దామని ఆలోచన. తమ్ముడు వద్దంటాడు. కెమెరాలు, ప్రాసెసర్ల లెక్క నాకొద్దు. పల్లెలో ఉండే పెద్ద మనిషి చేతిలో ఏది పనికొస్తాదో, రెండూ వాడినోళ్ళు చెప్పండి.

గాంధీరోడ్డు_రిపేరు

అన్నా, ముందు అమ్మగారిని ఎవరూ ఒక్క మాట కూడా అనొద్దని ఇంట్లో చెప్పండి. ఇదే బాధతో నా అంగడికి వచ్చేవాళ్ళలో ఉద్యోగస్తులు కూడా ఉంటారు.

జరిగింది ఇది. ఆ ఫైలు పేరు చివర ఏపీకే అని ఉండుంటాది, అంటే నొక్కితే యాప్‌గా ఫోన్లో కూర్చునే ఫైలు. ఆండ్రాయిడ్‌లో ప్లే స్టోర్ బయట నుంచి కూడా యాప్ వేసుకోవచ్చు. 'తెలియని యాప్‌లు ఇన్‌స్టాల్ చేయడానికి అనుమతి' అని ఒకసారి అడుగుతాది, సరే అంటే అయిపోయింది. తర్వాత ఆ యాప్ ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి అడుగుతాది. అది కూడా ఇచ్చేస్తే బ్యాంకు నుంచి వచ్చే ప్రతి ఓటీపీ మీకంటే ముందు వాళ్ళకు చేరతాది. అమ్మగారు ఓటీపీ ఎవరికీ చెప్పి ఉండరు. చెప్పే పనే వాళ్ళకు లేదు.

ఐఫోన్‌లో ఈ రెండు దార్లూ మూసే ఉంటాయి. మన దేశంలో మామూలు మనిషి ఆప్ స్టోర్ బయట నుంచి యాప్ వేసుకోలేడు. యూరప్‌లో అక్కడి చట్టం వల్ల 2024 మార్చిలో ఐఓఎస్ (ఐఫోన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) 17.4తో వేరే స్టోర్లకు తలుపు తెరిచినారు, మనకు అది లేదు. అంతకంటే పెద్ద తేడా రెండోది. మీ ఎస్సెమ్మెస్‌ల పెట్టె మొత్తం చదువుకునే అనుమతి ఐఓఎస్ ఏ బయటి యాప్‌కూ ఇవ్వదు. అడిగే బొమ్మే రాదు. ఓటీపీ వస్తే కీబోర్డు పైన కనిపిస్తాది, మనం నొక్కితే గడిలో పడతాది. యాప్ చేతికి పెట్టె తాళం పోదు.

కాబట్టి అమ్మగారికి జరిగిన మోసం జరిగిన తీరులో ఐఫోన్‌లో జరగదు. అట్లని ఐఫోన్ పెట్టుకుంటే మోసమే రాదని అనుకోవద్దు. 'పోలీసులం మాట్లాడతా ఉండాం' అని వీడియో కాల్ చేసి బెదిరించేవాడికి, స్క్రీన్ చూపించమని అడిగేవాడికి ఏ ఫోనైనా ఒకటే.

రేణిగుంట_దారి

నేను మీ తమ్ముడి పక్షం. చేతికి అలవాటైన ఫోను లాగేసి కొత్తది పెడితే పెద్దవాళ్ళకు అది ఇంకో శిక్ష. మా నాయనకు నేను చేసి చూసినా. అంతకు ముందు ఆయన ఫోన్లో కింద మూడు బటన్లు ఉండేవి. ఐఫోన్‌లో వెనక్కి పోవాలంటే ఎడమ అంచు నుంచి వేలు లాగాలి, లేదా పైన ఎడమ మూల చిన్న బాణం నొక్కాలి. కొన్ని యాప్‌లలో కిందికి లాగి మూయాలి. ఆండ్రాయిడ్‌లో మనిషి ఏ యాప్‌లో ఉన్నా వెనక్కి పోయే చోటు ఒకటే. తప్పు చేసినా ఒక్క నొక్కుతో బయటపడతామనే ధైర్యం ఆ బటన్ ఇస్తాది. మా నాయన నెల రోజులు చూసి ఐఫోన్ బీరువాలో పెట్టేసినాడు.

సెట్టింగ్స్‌లో ప్రతి యాప్‌కూ 'తెలియని యాప్‌లు' అనుమతి తీసేయండి. ముఖ్యంగా వాట్సాప్‌కూ, ఫైళ్ళ యాప్‌కూ, బ్రౌజర్‌కూ. పది నిమిషాల పని. దానికోసం ఫోనే మార్చాల్సిన పని లేదు.

పలక_బలపం

నేను తెలుగు ఉపాధ్యాయురాలిని, చిత్తూరులో. ఈ పోలికల్లో ఎవరూ తెలుగు మాట ఎత్తరు, అందుకే రాస్తున్నాను. అమ్మగారికి తెరమీద అక్షరం ఎలా కనబడుతుందన్నది చిన్న విషయం కాదు.

ఆండ్రాయిడ్‌కు తెలుగు ముందే అబ్బింది. 2012లో వచ్చిన 4.1తో తెలుగు, కన్నడ, మలయాళం అక్షరాలు వ్యవస్థలోకే వచ్చాయి. అంతకు ముందు చాలా ఫోన్లలో తెలుగు సందేశం వస్తే వరసగా డబ్బాలే కనిపించేవి. 2017 ఆగస్టులో గూగుల్ తెలుగు సహా ఎనిమిది భారతీయ భాషల్లో నోటి టైపింగ్ తెచ్చింది. మా బడికి వచ్చే తల్లుల్లో టైపు చేయడం రానివాళ్ళు కూడా ఆ మైకు బొమ్మ నొక్కి 'పిల్లోడికి జొరం, రేపు రాడు' అని చెప్పేసి, పడిన అక్షరాలు ఒకసారి చదువుకుని పంపుతున్నారు. నాకది చూస్తే ఎంత సంతోషమో చెప్పలేను.

ఐఫోన్ వైపు మనవాళ్ళు మర్చిపోలేని సంగతి ఒకటుంది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే మన అక్షరం, మధ్యలో కంటికి కనబడని ఒక విడదీత గుర్తుతో కలిసి సందేశంలో వస్తే ఐఓఎస్ 11.2.5 ఉన్న ఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆ నెలలోనే 11.2.6 విడుదల చేసి సరిచేశారు. జ్ఞానంలోని మొదటి అక్షరం ప్రపంచమంతా వార్త అయ్యింది. తెలుగును లోతుగా పరీక్షించే మనుషులు అప్పట్లో అక్కడ చాలినంతమంది లేరని నేను అర్థం చేసుకున్నాను. తర్వాత మార్పు వచ్చింది. 2025లో వచ్చిన ఐఓఎస్ 18.4 నుంచి ఫోను మొత్తాన్నీ తెలుగులో పెట్టుకోవచ్చు, సెట్టింగ్స్ పేర్లతో సహా. ఆండ్రాయిడ్‌లో ఆ వీలు ఎంతో ముందునుంచీ ఉంది.

అక్షరాల రూపం అడిగితే నా ఓటు ఐఫోన్‌కే. అందులోని కోహినూర్ తెలుగు ఫాంటులో వత్తులు పొందిగ్గా కూర్చుంటాయి. ఆండ్రాయిడ్‌లోని నోటో సాన్స్ తెలుగు కూడా స్పష్టమైనదే. అయితే రెండింటిలోనూ కొన్ని యాప్‌లు ఇంగ్లీషు అక్షరాల ఎత్తుకు సరిపడా చోటే వరసకు ఇస్తాయి, 'లక్ష్మి' అన్నప్పుడు కింద మకారం సగానికి తెగిపోతుంది. ఆ తప్పు వ్యవస్థది కాదు, యాప్ రాసినవాళ్ళది. పుట్టినరోజునాడు పాపకు పంపే పేరు సగం తెగి కనబడితే నాకు మనసు చివుక్కుమంటుంది.

తోతాపురి_తోట

మేడమ్, చాలా థ్యాంక్స్. అమ్మ ఫోను ఇంగ్లీషులోనే ఉండాదని మీ మాట చదివినాక గుర్తొచ్చింది. కొన్నప్పుడు అంగట్లో ఎట్ల ఇచ్చినారో అట్లే వాడతా ఉండాది. అంటే ఆ రోజు ఫోను అడిగిన అనుమతులన్నీ ఆమెకు రాని భాషలో అడిగింది. ఇది నేను మూడేళ్ళ ముందే చేసుండాల్సిన పని.

కొర్లగుంట_కిరాణా

యూపీఐ సంగతి నేను చెప్తా, అంగట్లో రోజంతా అదే కదా.

డబ్బు వేయడంలో రెండింటికీ తేడా లేదు. అదే కోడు, అదే నాలుగో ఆరో అంకెల పిన్ను. తేడా మొదటిరోజు వస్తాది. యూపీఐ యాప్ పెట్టేటప్పుడు మన సిమ్ము నుంచి ఒక ఎస్సెమ్మెస్ పోవాల. ఆండ్రాయిడ్‌లో అనుమతి ఇస్తే యాపే పంపేసుకుంటాది. ఐఫోన్‌లో సందేశం కిటికీ తెరుచుకుంటాది, లోపల అర్థం కాని అక్షరాలు ఉంటాయి, మనమే పంపే బటన్ నొక్కాల. పెద్దవాళ్ళు అది చూసి భయపడి వెనక్కి వచ్చేస్తారు. కొడుకు పక్కనుండి ఒకసారి పెట్టిస్తే మళ్ళీ అడగదు. సిమ్ములో ఎస్సెమ్మెస్‌కు బ్యాలెన్సు ఉండాదో లేదో చూసుకోండి, ఆడే చాలామంది ఆగిపోతారు.

ఇంకో మాట. 2016 డిసెంబరు 30న భీమ్ యాప్ వచ్చినప్పుడు ముందు ఆండ్రాయిడ్‌కే వచ్చింది, ఐఫోన్‌కు కొన్ని వారాలు ఆగినారు. మన జనం చేతిలో ఏముందో చూసే మన యాప్‌లు రాస్తారు. చిన్న చిన్న ఊరి అవసరాల యాప్‌లు ఇప్పటికీ ఆండ్రాయిడ్‌లోనే ముందు దొరుకుతాయి. పాల లెక్కకో, మోటారు స్టార్టరుకో అమ్మగారు యాప్ ఏమన్నా వాడతా ఉంటే అది ఐఫోన్‌లో ఉందో లేదో ముందు చూడండి.

శ్రీసిటీ_షిఫ్టు

నేను శ్రీసిటీలో ఫోన్లు బిగించే ఫ్యాక్టరీ లైనులో మూడేళ్ళు చేసినా. 2015లో షావొమీ మన దేశంలో తయారైన మొదటి ఫోను రెడ్‌మీ 2 ప్రైమ్‌ను ప్రకటించినప్పుడు అది వచ్చింది మా శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ నుంచే. ఐఫోన్లు పక్కన శ్రీపెరుంబుదూరులో ఫాక్స్‌కాన్ చేస్తాది. రెండు చోట్లా లైనులో ఎక్కువ మంది మాలాంటి ఆడపిల్లలే. అందుకే ఎవరన్నా 'ఆ ఫోను గొప్ప, ఈ ఫోను తక్కువ' అంటే నాకు నచ్చదు. రెండూ అంతే శ్రద్ధతో బిగించిన చేతులవి.

నేను చూసేది ఎన్నేళ్ళు అప్‌డేట్లు వస్తాయని. 2015లో వచ్చిన ఐఫోన్ 6ఎస్‌కు 2021లో ఐఓఎస్ 15 కూడా వచ్చింది. ఆండ్రాయిడ్‌లో అప్పట్లో రెండేళ్ళు వస్తే గొప్ప. ఇప్పుడు గూగుల్ పిక్సెల్ 8కి, శామ్‌సంగ్ ఎస్24కి ఏడేళ్ళు ఇస్తామని చెప్పినారు. కానీ అవి ఖరీదైనవి. పది పన్నెండు వేల ఫోనుకు అన్నేళ్ళు రావు. కొనేముందు పెట్టె మీద కాదు, కంపెనీ సైటులో ఎన్నేళ్ళు సెక్యూరిటీ అప్‌డేట్ ఇస్తారో చదవండి. అన్నా, మీ పాత ఐఫోన్‌కు ఇంకా ఎన్నేళ్ళు మిగిలి ఉందో అది కూడా లెక్క వేసుకోండి. అమ్మకు ఇచ్చిన మరుసటేడు ఆగిపోతే ఏం లాభం.

చంద్రగిరి_కోట

నా దగ్గర నోకియా లూమియా ఉండేది, విండోస్ ఫోను. పెద్ద పెద్ద పలకలు, నల్లటి తెర, పెద్ద అక్షరాలు. మా జేజి దాన్ని ఒక్క రోజులో నేర్చుకుంది, ఇప్పటికీ దానంత తేట ఇంటర్‌ఫేస్ నేను చూడలేదు. యాప్‌లు రాసేవాళ్ళు రాక అది ఎండిపోయింది. మైక్రోసాఫ్ట్ దాన్ని ఆపేసింది, 2019 చివరికే వాట్సాప్ కూడా ఆ ఫోన్లలో పని చేయడం మానేసింది. వాట్సాప్ లేని ఫోను మన ఇండ్లలో ఇంకెందుకు? తెర ఎంత బాగున్నా, జనం ఏ యాప్‌లో మాట్లాడుకుంటారో అది అందులో ఉండాల్సిందే.

చెవి_చూపు

నాకు కళ్ళు కనబడవు. తిరుపతిలో చదువుకుంటున్నాను. ఈ పోస్టు కూడా ఫోన్‌తోనే రాస్తున్నాను కాబట్టి నా అనుభవం పనికొస్తుందేమో చూడండి.

ఐఫోన్‌కు వాయిస్‌ఓవర్, ఆండ్రాయిడ్‌కు టాక్‌బ్యాక్, రెండూ 2009లోనే వచ్చాయి. రెండింటిలోనూ వేలు తెరమీద కదిపితే కింద ఏముందో గొంతు చెబుతుంది, రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది. నేను మొదట ఆండ్రాయిడ్‌తో మొదలుపెట్టాను, ఎందుకంటే అందులో తెలుగు చదివే గొంతు ఉంది. వాయిస్‌ఓవర్‌కు తెలుగు గొంతు 2022లో ఐఓఎస్ 16తో వచ్చింది. అప్పుడు ఒక స్నేహితుడి ఫోన్లో విన్నాను. మా అమ్మ పంపిన సందేశం తెలుగులో తెలుగులాగే వినబడింది.

వాడకంలో నాకు తెలిసిన తేడా ఇది. ఐఫోన్‌లో ఎవరి ఫోను తీసుకున్నా సైగలు ఒకటే, పక్కవాళ్ళ ఫోను ఇచ్చినా నా వేళ్ళకు దారి తెలుసు. ఆండ్రాయిడ్‌లో కంపెనీని బట్టి సెట్టింగ్స్ మారతాయి, ఒక ఫోన్లో ఉన్నచోట ఇంకో ఫోన్లో ఉండవు. వెనక్కి బటన్ కూడా కొన్నిటిలో ఎడమ, శామ్‌సంగ్‌లో కుడి. మార్చుకోవచ్చు, కానీ మార్చుకోవచ్చని తెలియాలి. మీ అమ్మగారికి కొత్త ఆండ్రాయిడ్ కొన్నా, పాతదానిలో ఏ బటన్ ఏ వైపు ఉందో అదే వైపు పెట్టివ్వండి. ఆమె వేలు ఇన్నేళ్ళు నేర్చుకున్నది ఆ చోటునే.

మెట్లదారి

చిన్న మాట. కొండ మీద దర్శనానికి పోయేటప్పుడు ఫోన్లు లోపలికి తీసుకుపోకూడదు, కౌంటర్లో పెట్టాల్సిందే. కాబట్టి ఏ ఫోనైనా అమ్మకు మీ నంబరు నోటికి వచ్చేలా చేయండి, ఒక కాగితం మీద రాసి కొంగుకు కట్టండి. 300 రూపాయల టికెట్లు బుక్ చేసే టీటీడీ యాప్ రెండింటిలోనూ ఉంది, దాని గురించి బెంగ వద్దు.

తోతాపురి_తోట

అందరికీ దండాలు. రెండు వారాలు అయింది, ఏం జరిగిందో చెప్పాల.

శనివారం ఊరికి పోయి నా పాత ఐఫోన్ తెలుగులో పెట్టి రెండు రోజులు అమ్మ చేతికి ఇచ్చినా. ముందు మంచి సంగతి. ఇది కాయ కోసే కాలం. తొడిమ తెంపితే కారే సొన అంటి అమ్మ వేళ్ళ తోలు నల్లగా ఊడి ఉండాది. పాత ఫోను వేలిముద్ర ఈ నెలలో అసలు పట్టడం లేదంట, ప్రతిసారీ పిన్ను కొడతా ఉండాది. ఐఫోన్ ముఖం చూసి తెరుచుకునేసరికి 'ఇది నన్ను ఎరగతాదే' అని కొంగుతో ముఖం తుడుచుకుని మళ్ళీ చూపించింది. ఆ రెండు రోజుల్లో ఆమె నవ్వింది అప్పుడే.

వాట్సాప్‌లో మాట రికార్డు చేయడం వెంటనే వచ్చేసింది. కానీ యూట్యూబ్‌లో నుంచి బయటికి రావాలంటే బొటనవేలు తెర కింద కుడి మూలకు పోతాది. ఆడ ఏమీ ఉండదు. మళ్ళీ అదే చోట గట్టిగా నొక్కుతాది. రేణిగుంట అన్న చెప్పిందీ, చెవి_చూపు చెప్పిందీ నా కళ్ళ ముందే కనపడింది. ఆదివారం సాయంత్రానికి 'నాయనా, దీంట్లో ఎనక్కి వచ్చే దారి నాకు దొరకడం లేదు, నా ఫోనే నాకియ్యి' అనింది. భయపడే ఫోనును మళ్ళీ తనే అడిగింది. నాకది పెద్ద మాట.

కాబట్టి ఐఫోన్ వెనక్కి తెచ్చుకున్నా. పాత ఫోను పూర్తిగా చెరిపి, తెలుగులో పెట్టి, అదే మూడు బటన్లు, వెనక్కి బటన్ అదే కుడి వైపు ఉంచినా. తెలియని యాప్‌ల అనుమతి అన్నిటికీ తీసేసినా. ఎస్సెమ్మెస్ చదివే అనుమతి యూపీఐ యాప్‌కు తప్ప దేనికీ లేదు.

ఇంకొకటి మేము మాట్లాడుకుని తేల్చుకున్నాం. మండీ డబ్బు పడే పెద్ద ఖాతాకు ఈ ఫోన్లో ఉండే నంబరు ఉండకూడదు. ఆ ఖాతాకు వేరే సిమ్ము తీసుకుని మామూలు బటన్ ఫోన్లో వేసి ఇంట్లో పెడతాం, యాప్‌లు వేసే వీలే లేని ఫోను. ఓటీపీలు అందులోకే రావాల. కూలీలకు ఇచ్చే చిన్న ఖాతా మాత్రం పాత నంబరు మీద, రెండు మూడు వేలు మించకుండా.

గాంధీరోడ్డు_రిపేరు

చాలా మంచి పని అన్నా. నంబరు మార్పు ఫోన్లో పెట్టుకోవద్దు, పాసుబుక్కు, ఆధార్ తీసుకుని అమ్మగారినే బ్రాంచికి తీసుకుపోయి ఫారం ఇవ్వండి. పాత ఫోను చెరిపినారు, మేలు చేసినారు. ఆ యాప్ ఒక్కటి తీసేసి ఊరుకునేవాళ్ళే ఎక్కువ, తోడుగా ఇంకోటి దాగి ఉంటే తెలియదు. ముందు ముందు కొత్త ఆండ్రాయిడ్ కొంటే 16వ వెర్షన్ ఉన్నది చూడండి. అందులో అడ్వాన్స్‌డ్ ప్రొటెక్షన్ అనేది ఆన్ చేస్తే బయటి యాప్‌లను ఫోనే ఆపేస్తాది.

తోతాపురి_తోట

శుక్రవారం సెలవు పెట్టినా, బ్యాంకుకు పోతాం. ఒక్కటి అడగాల. బ్యాంకు నుంచి కొన్ని ఎస్సెమ్మెస్‌లు తెలుగులో వస్తాయి. బటన్ ఫోన్లలో తెలుగు అక్షరాలు డబ్బాలుగా కాకుండా సరిగా చూపించేవి ఉన్నాయా?

గాంధీరోడ్డు_రిపేరు

ఉన్నాయి, కానీ పెట్టె మీద రాసింది నమ్మొద్దు. అంగట్లోనే మీ సిమ్ము అందులో వేసి, మీ ఫోన్ నుంచి 'లక్ష్మి' అని తెలుగులో ఎస్సెమ్మెస్ పంపి చూడండి. కింద మకారం పూర్తిగా కనపడితే డబ్బు ఇవ్వండి.

పలక_బలపం

'జ్ఞాపకం' అని కూడా పంపి చూడండి.